ముందు మొరటు లెక్క వేసుకో

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రోబబిలిటీ, స్టాటిస్టికల్ ఫిజిక్స్ కలిసే చోట పీహెచ్‌డీలో చేరావని తెలిసి చాలా సంతోషం కలిగింది. ఏ పుస్తకాలు చదవాలని అడిగావు. అది నీ గైడ్ నాకన్నా బాగా చెబుతారు. నేను చెప్పగలిగేది ఒకటే. సమస్య ఏదైనా సరే, ముందు మొరటు లెక్క ఒకటి నీ చేత్తో వేసుకో. ఆ తర్వాత అది ఎక్కడ దుబారా చేసిందో వెతుకు.

గళ్ల కాగితం తీసుకుని చూడు. ప్రతి చిన్న గీతనూ పి సంభావ్యతతో ఉంచు, లేదంటే చెరిపెయ్యి. మధ్య చుక్క నుంచి అనంత దూరం పోయే దారి మిగులుతుందా? 1957లో బ్రాడ్‌బెంట్, హామర్‌స్లీ మొదలుపెట్టిన పెర్కోలేషన్ ఇదే. వచ్చిన దారినే మళ్లీ తొక్కకుండా నడిస్తే మొదటి అడుగుకు నాలుగు దిక్కులు, ఆపైన ప్రతి అడుగుకూ మహా అయితే మూడు. అడుగు పెరిగినప్పుడల్లా దారుల సంఖ్య మూడు రెట్లకు మించి పెరగదు. ఒక్కో దారి చెరగకుండా మిగిలే సంభావ్యత మాత్రం పి వంతుకు పడిపోతుంది. పి 1/3 కన్నా తక్కువైతే తగ్గుదలదే పైచేయి, కాబట్టి అనంతమైన దారి ఉండదు. కాగితంలో పావు వంతు కూడా నిండకుండానే నీ చేతిలో ఒక సిద్ధాంతం ఉంది!

అనంతమైన దారి పుట్టే అసలు హద్దు, అంటే సంధి బిందువు, 1/2. ఆ 1/2 దగ్గర అనంతమైన క్లస్టర్ (ఒకదానికొకటి అతుక్కున్న గీతల గుంపు) లేదని హారిస్ 1960లో చూపించాడు. అది దాటగానే ఉంటుందని కెస్టన్ నిరూపించేసరికి 1980 వచ్చింది. మరి మన లెక్క ఎక్కడ నష్టపోయింది? దారుల్ని ఎక్కువగా లెక్కపెట్టామనిపిస్తుంది. ఆ లెక్కను ఎంత సరిచేసినా 0.38 దగ్గరే ఆగిపోతావు. అసలు నష్టం వేరే చోట ఉంది: దారులు గీతల్ని పంచుకుంటాయి, మనం ప్రతిదాన్నీ విడిగా కూడాం. ఇది నీ అంతట నీకు తట్టాక హారిస్ పేపర్ తెరువు. అప్పుడు ప్రతి పేజీ నీ ప్రశ్నకు జవాబులా చదువుకుంటావు.

చిన్న ఉదాహరణను నమ్ము. కానీ అది చెప్పనిది దాని నోట పలికించకు. భౌతిక శాస్త్రవేత్త ఈజింగ్ తన పీహెచ్‌డీలో ఒకే వరుసలోని అయస్కాంతాలను లెక్కగట్టాడు. అక్కడ ఫేజ్ ట్రాన్సిషన్ (ఒక ఉష్ణోగ్రత దగ్గర స్థితి ఒక్కసారిగా మారిపోవడం) లేదు, అది నిజమే. మూడు కొలతల్లోనూ (డైమెన్షన్లలోనూ) ఉండదని 1925 నాటి తన పేపర్లో తేల్చేశాడు, అది పొరపాటు. రెండు కొలతలున్నా చాలు, అది ఉంటుందని 1936లో పయర్ల్స్ వాదించాడు. అది కూడా పైన మనం వేసిన లెక్క లాంటిదే, దారుల బదులు సరిహద్దు గీతల్ని లెక్కపెట్టాడు.

నేను పరిశోధన చేసే రోజుల్లో ఒక అసమానతను ఏడు నెలలు నిరూపించబోయాను. చివరికి రెండు వరుసలు, మూడు నిలువుల చిన్న పెట్టెలో చేత్తో లెక్కేస్తే, అది తప్పని ఒక్క సాయంత్రంలో తేలింది. ఆ ఏడు నెలలు నీకు పోకూడదనే ఇంతగా చెబుతున్నాను.

ఇంకో మాట. ఫిజిక్స్ వాళ్లకు తెలిసింది, నిరూపణ దొరికింది, రెండూ నీ నోట్‌బుక్‌లో వేరువేరు పేజీల్లో ఉండాలి. మూడు కొలతల్లో సరిగ్గా సంధి బిందువు దగ్గర అనంతమైన క్లస్టర్ ఉండదని అందరూ నమ్ముతారు. రెండు కొలతల్లోనూ, పదకొండు నుంచి పైనా నిరూపించారు. మనం బతికే మూడు కొలతల్లో ఇంకా ఎవరూ నిరూపించలేదు. దాన్ని థీసిస్ సమస్యగా మాత్రం పెట్టుకోకు.

సెమినార్లకు తప్పకుండా వెళ్లు. అర్థం కాని మొదటి వాక్యం దగ్గరే చెయ్యెత్తు.

వచ్చే ఉత్తరంలో నీ సమస్య, దానికి నువ్వు వేసిన మొదటి మొరటు లెక్క రాసి పంపు. తప్పులున్నా దిద్దకుండా, ఉన్నదున్నట్టే పంపు.