లక్ష జపం చేసినా వీసా రాలేదన్న మా మేనకోడలికి

బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నా. లక్ష రామనామం పూర్తి చేశా అత్తా, అయినా వీసా రిజెక్ట్ అయింది, ఇప్పుడు మాల చూస్తేనే ఒళ్ళు మండుతోంది, నమ్మకం లేకుండా చేస్తే దొంగభక్తి కాదా అని అడిగావు. కాదే తల్లీ, లేనివాడి మీద ఎవరికైనా కోపం వస్తుందా? మన భద్రాచలం రామదాసునే చూడు, పాల్వంచ తహసీల్దారుగా ఉండి సర్కారు డబ్బుతో గుడి కట్టించాడని తానీషా గోల్కొండ జైల్లో పడేస్తే, అక్కడ కూర్చుని ఏ నగ ఎవరికి చేయించాడో, దేనికెంత పోశాడో వరసపెట్టి అప్పజెప్పి ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావయ్యా అని రాముణ్ణే నిలదీశాడు, మళ్ళీ దెబ్బలకి తాళలేక తిట్టానయ్యా అని తనే సర్దిచెప్పుకున్నాడు. ఆయన్ని ఎవరైనా దొంగభక్తుడన్నారా? నువ్వూ తిట్టు, కాకపోతే పేరు పెట్టి తిట్టు.

నాకు నచ్చనిది నీ కోపం కాదు, ఆ బేరం. ఇంటర్వ్యూ డేట్ లోపల లక్ష అయిపోవాలని ఆఫీస్ క్యాబ్ లో ఒకటి, లిఫ్ట్ లో ఒకటి, వంట చేస్తూ ఫోన్ లో కౌంటర్ నొక్కుకుంటూ ఒకటి, అదంతా టార్గెట్ అయిపోయింది గానీ జపం ఎక్కడుంది చెప్పు. అడగొద్దని అనట్లేదు, కష్టంలో ఉన్నవాళ్ళు, కావాల్సింది ఉన్నవాళ్ళు కూడా నన్ను కొలుస్తారని గీతలో ఆయనే చెప్పాడు కదా. అడుగు, కానీ ఆ అడగడాన్ని లెక్కకి ముడిపెట్టకు.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ఒక్క మాలే పెట్టుకో. 108 పూసలున్నా 100 గానే లెక్కేస్తారు పెద్దవాళ్ళు, ఆ 8 తప్పులకీ పరధ్యానానికీ వదిలేస్తారన్నమాట, అంటే పరధ్యానం వస్తుందని వాళ్ళకి ముందే తెలుసు! మాల మధ్యవేలు మీద వేసుకుని బొటనవేలితో లాగు, చూపుడువేలు తగలనివ్వకు, మాల రెండు కొసలూ కలిసే చోట విడిగా ఉండే మేరుపూస దగ్గరికి రాగానే దాటకుండా వెనక్కి తిప్పుకో. ఒక మాలకి పది నిమిషాలు కూడా పట్టదు. జ్వరమొచ్చినా, రిలీజ్ ఉన్నా, మీ ఆయనతో గొడవైనా చెయ్యగలిగినంతే పెట్టుకోవాలి, ఊపులో ఉన్నరోజు పది చేసి తర్వాత వారం మానేసేకంటే ఆ ఒక్కటే మేలు.

ఇంకోటి, పేరు మార్చకు. యూట్యూబ్ లో ఒకాయన ఇది 41 రోజులు చెయ్యండి అంటాడు, ఇంకొకావిడ బీజాక్షరాలు చెప్తుంది, అవన్నీ పట్టుకోకు. మంత్రం వేరు, నామం వేరు. మంత్రానికి గురువు దగ్గర ఉపదేశం కావాలి, నియమాలుంటాయి, తెలియకుండా చెయ్యకూడదు. రామా అనడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. నెలసరి రోజుల్లో ఏం చెయ్యాలని అడిగావుగా, మన ఇంట్లో మాల ముట్టుకోరు, నామం మాత్రం మనసులో అనుకుంటారు, నేనూ అంతే చేశా, దానికి ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

మనసు నిలవట్లేదన్నావు. ఎవరికి నిలుస్తుందే! పైకి చేసేదానికంటే పెదాలు మాత్రం కదిపే ఉపాంశు గొప్పది, దానికంటే మానసికం గొప్పదని మనుస్మృతిలోనే ఉంది కాబట్టి అందరూ డైరెక్ట్ గా మానసికంలోకి దిగుతారు, పది పూసలయ్యేసరికి ఈఎంఐ గురించి ఆలోచిస్తూ ఉంటారు, లేదా కునుకు తీస్తారు. నువ్వు పైకే అను, నీ చెవికి వినపడేటట్టు. ఆలోచన ఎటో పోయిందని తెలిసిన చోట నుంచే మళ్ళీ అందుకో, మొదటికి వెళ్ళి మాల తిరగెయ్యకు, అలా చేస్తే విసుగొచ్చి మూలన పడేస్తావు.

అప్పటికీ కుదరకపోతే రామకోటి పుస్తకం కొనుక్కో, గళ్ళు కొట్టినవి పూజాసామాన్ల షాపుల్లో దొరుకుతాయి. గడికో శ్రీరామ, చెయ్యి పనిలో ఉంటే బుర్ర కాస్త దారికొస్తుంది. పేరు కోటి అని కోటి రాయాలని కంగారుపడకు, రోజుకి వెయ్యి రాసినా 10,000 రోజులు, అంటే 27 ఏళ్ళ పైమాటే. త్యాగరాజస్వామి 96 కోట్లు జపం చేశాడంటారు, లెక్కేస్తే రోజుకి లక్షా పాతికవేల చొప్పున 21 ఏళ్ళు. ఆయన సంగతి వేరులే, మనకి ఆఫీసులున్నాయి. నువ్వు ఒక పేజీ రాస్తే చాలు.

నమ్మకం కుదిరాక మొదలెడతా అంటే మాత్రం ఒప్పుకోను. మీ తాతయ్యకి దేవుడంటే ఎప్పుడూ వాదనే, ఉన్నాడో లేడో అంటూనే సాయంత్రం అరుగు మీద కూర్చుని మాల తిప్పేవాడు, ఎందుకు నాన్నా అంటే అలవాటే అనేవాడు. ఆ అలవాటుతోనే మీ నానమ్మ చనిపోయిన ఏడాదంతా నెట్టుకొచ్చాడు, అది నేను కళ్ళారా చూశా.

వీసాకి మళ్ళీ అప్లై చెయ్యి, డాక్యుమెంట్లు ఈసారి ఎవరికైనా తెలిసినవాళ్ళకి చూపించు, అది జపంతో అయ్యే పని కాదు. పుస్తకం నిండితే ఇంట్లో ఎక్కడపడితే అక్కడ పడెయ్యకు, నవమికి మేం భద్రాచలం వెళ్తున్నాం, గుళ్ళో ఇచ్చేస్తాం. నిండకపోతే నీ దగ్గరే ఉంచుకుని రాస్తూ ఉండు, నవమి వచ్చే ఏడాదీ వస్తుంది.

మీ అత్త