అమెరికాలో బ్రాడ్‌కాస్ట్ ఇంజనీర్ల నెలవారీ లంచ్ మీటింగులకు వెళ్ళాల్సిన అవసరం ఉందా?

ప్రశ్న అడిగినవారు ఈ మధ్యే ఇక్కడ ఒక రేడియో స్టేషన్లో ఇంజనీరుగా చేరారట. ఊళ్ళోని ఎస్‌బీఈ (సొసైటీ ఆఫ్ బ్రాడ్‌కాస్ట్ ఇంజనీర్స్) శాఖవాళ్ళు నెలకోసారి మధ్యాహ్న భోజనానికి పిలుస్తున్నారట. ప్రసంగం ఆన్‌లైన్లో ఎలాగూ చూడొచ్చు కదా, పని మానుకుని అంత దూరం పోవడం దేనికి అని సందేహం.

వెళ్ళండి. ప్రసంగం కోసం కాదు. ప్రసంగం మొదలయ్యే ముందు కంచాల దగ్గర జరిగే మాటల కోసం వెళ్ళండి. నేను ఒహాయోలో ఈ పని చేస్తున్న ఇన్నేళ్ళలో మాన్యువళ్ళు చదివి నేర్చుకున్నదానికంటే ఆ బల్లల దగ్గర నేర్చుకున్నదే ఎక్కువ.

నేను చూసుకునే ఎఫ్‌ఎం స్టేషన్ ఒకటి ఒక ఎండాకాలం రోజూ మధ్యాహ్నం మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున అంతా బాగుంటుంది. పదకొండు దాటేసరికి రిఫ్లెక్టెడ్ పవర్ మెల్లగా పెరుగుతుంది, అంటే పంపిన శక్తిలో కొంత యాంటెన్నా నుంచి గాల్లోకి పోకుండా వెనక్కి తిరిగొస్తుంది. ట్రాన్స్‌మిటర్ తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించేసుకుంటుంది. ఊరి పొలిమేరల్లో వినేవాళ్ళకు పాట బదులు గరగర. పొద్దుగూకాక మళ్ళీ మామూలే. ట్రాన్స్‌మిటర్ చేసిన కంపెనీకి ఫోన్ చేస్తే పవర్ మాడ్యూళ్ళు ఊడదీసి పంపించమన్నారు. టవర్ ఎక్కే మనుషులు రెండు వారాల దాకా ఖాళీ లేరు. స్టేషన్ మేనేజరేమో గంటకోసారి ఫోను.

ఆ నెల మీటింగు ఒక బార్బెక్యూ హోటల్ వెనక గదిలో పెట్టారు. నేను మాంసం తినను. ఇన్నేళ్ళుగా చెబుతున్నా మా శాఖవాళ్ళు హోటల్ ఎంచుకునేటప్పుడు ఆ సంగతి గుర్తుపెట్టుకోరు. మొక్కజొన్న కండె, క్యాబేజీ ముక్కలు, రొట్టె తెచ్చుకుని కూర్చున్నాను. పక్కన డెబ్భై దాటిన పెద్దాయన. ఏ స్టేషన్లోనూ ఉద్యోగి కాదు, చుట్టుపక్కల జిల్లాల్లో చిన్న చిన్న స్టేషన్లకు కాంట్రాక్టు మీద పని చేస్తాడు. నా గోడంతా విన్నాడు. ట్రాన్స్‌మిటర్ ఏ కంపెనీది, ఎన్నేళ్ళయింది, ఇలాంటివేమీ అడగలేదు.

“మబ్బు పట్టిన రోజు కూడా ఇలాగే చేస్తుందా?” అన్నాడు.

ట్రాన్స్‌మిటర్ రీడింగులు నమోదయ్యే లాగ్‌ను ఫోన్లోనే తెరిచి చూపించాను. వాన పడిన రెండు రోజులూ గీత తిన్నగా ఉంది.

“అయితే ట్రాన్స్‌మిటర్ జోలికి పోకు. లైను చూడు” అన్నాడు.

ఈ లైను సంగతి కొంచెం చెప్పాలి. ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నా దాకా పోయేది మామూలు తీగ కాదు. మా దగ్గర మూడుంబావు అంగుళాల కంటే రవ్వంత సన్నటి రాగి గొట్టం, దాని మధ్యలో ఇంకో సన్నటి గొట్టం. ముక్కలు ముక్కలుగా వస్తుంది. లోపలి గొట్టాల ముక్కల్ని కలిపే చిన్న భాగాన్ని బుల్లెట్ అంటాం. దాని వేళ్ళు స్ప్రింగులా బిగువుగా ఆనుకుంటేనే కరెంటు సాఫీగా పారుతుంది. ముప్పై మీటర్ల రాగి గొట్టం ముప్పై డిగ్రీలు వేడెక్కితే ఒకటిన్నర సెంటీమీటరు సాగుతుంది. ఆ సాగుడు ఎక్కడో ఒక అతుకు దగ్గర తేలాలి. వేళ్ళు అరిగిపోయిన బుల్లెట్ ఉంటే అక్కడ తేలుతుంది.

భోజనం కాగానే పెద్దాయన తన ట్రక్కు వేసుకుని నా వెనకే వచ్చాడు. ఆ వేళకు రిఫ్లెక్టెడ్ పవర్ బాగా ఎక్కువలో ఉంది. స్పేర్ ట్రాన్స్‌మిటర్‌తో చిన్న యాంటెన్నా మీద ప్రసారం నడిపిస్తూ, పెద్దదాన్ని ఆపి తాళం వేసి, గదిలోని లైనును అరచేత్తో తడుముతూ పోయాం. బయట ఎండలో ఉన్న గొట్టం ఎలాగూ కాలుతుంది, దానితో ఏమీ తెలియదు. లోపల, ఏసీ గదిలో, నీడలో ఉన్న గొట్టం ఎందుకు వేడెక్కాలి? గోడ దాటే ముందు లైను మలుపు తిరిగే ముక్క, అంటే ఎల్బో దగ్గర పెద్దాయన చెయ్యి ఆగింది. నా చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాడు. మిగతా లైనంతా చల్లగా ఉంటే అది కాఫీ గ్లాసులా ఉంది.

లైన్లో నింపిన నైట్రోజన్ వదిలేసి ఎల్బో విప్పాం. బుల్లెట్ వేళ్ళు నల్లగా మాడిపోయాయి, చుట్టూ ఉన్న టెఫ్లాన్ గోధుమ రంగుకు తిరిగింది. కొత్తది తెప్పిస్తే రెండు రోజులు పడుతుంది. పెద్దాయన ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఎవరో, మధ్యాహ్నం మా బల్లకు అవతలి చివర కూర్చున్న మనిషే. మాతో శ్రోతల కోసం రోజూ కొట్లాడే స్టేషన్ చీఫ్ ఇంజనీరు. వాళ్ళ పాత సైటు ఖాళీ చేసినప్పుడు దాచిన ఎల్బో, బుల్లెట్లు ఒక అట్టపెట్టెలో ఉన్నాయట. అరగంటలో స్వయంగా తెచ్చిచ్చాడు. సాయంత్రం జనం ఆఫీసుల నుంచి ఇళ్ళకు పోయే వేళకు మేం పూర్తి పవర్ మీద ఉన్నాం. తరువాతి ఏడాది వాళ్ళ సైటు మీద పిడుగు పడితే, మా స్పేర్ ఎక్సైటర్ (ట్రాన్స్‌మిటర్‌కు మొదటి సిగ్నల్ తయారుచేసిచ్చే పెట్టె) వాళ్ళ దగ్గరే చాలా రోజులు ఉంది. రసీదు లేదు, సంతకం లేదు. మేనేజర్లను అడిగి ఉంటే ఇద్దరూ ఒప్పుకునేవారు కాదు.

ఇదంతా వీడియోలో ఎలా జరుగుతుందో చెప్పండి. 2020 తరువాత చాలా శాఖలు మీటింగుల్ని కంప్యూటర్ తెర మీదికి మార్చేశాయి, కొన్ని ఇంకా వెనక్కి రాలేదు. తెర మీద మైకులు మూసి ప్రసంగం వింటారు, అయిపోగానే మాయమైపోతారు. మబ్బు పట్టిన రోజు ఎలా ఉందని అడిగే మనిషి అక్కడ ఉండడు. దూరాన ఉన్నవాళ్ళకు వీలవుతుందనేది నిజమే, కానీ పదిహేను మైళ్ళలో ఉన్నవాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని చూడడం నాకు నచ్చదు.

అసలు ఈ సంఘం పుట్టిందే తమను పట్టించుకునేవాళ్ళు లేరన్న బాధతో. 1963లో రేడియో ఇంజనీర్ల సంస్థ ఐఆర్‌ఈ, ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థతో కలిసిపోయి ఐఈఈఈ అయింది. అంత పెద్ద సంస్థలో స్టేషన్ ఇంజనీరు గొంతు వినబడదని జాన్ బాటిసన్ అనే ఆయన పూనుకుంటే 1964లో ఎస్‌బీఈ ఏర్పడింది. ఇప్పుడు వందకు పైగా శాఖలున్నాయి. వాళ్ళ సర్టిఫికెట్ తీసుకుంటే అయిదేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి, మీటింగులకు వెళ్తే దానికి పాయింట్లు వస్తాయి. మీ మేనేజర్ సెలవివ్వనంటే ఆ పాయింట్ల సంగతి చెప్పండి, ఆ భాష వాళ్ళకు అర్థమవుతుంది.

మేనేజర్ల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. 1996 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఒక కంపెనీ దేశంలో ఎన్ని రేడియో స్టేషన్లు ఉంచుకోవచ్చన్న పరిమితిని ఎత్తేసింది. పెద్ద ఊళ్ళలో ఒకే కంపెనీ ఎనిమిది దాకా నడపొచ్చు. అలా స్టేషన్లు కొన్న కంపెనీలు ముందు తగ్గించింది ఇంజనీర్లనే. ఒకప్పుడు స్టేషన్‌కొకరు ఉన్నచోట ఇప్పుడు ఏడెనిమిదింటికి ఒక్కడు. వాడికి అన్నం తినే తీరికే లేకుండా చేసి, యువత ఈ వృత్తిలోకి రావడం లేదని వాపోతారు. మా గదిలో సగం తలలు తెల్లవే. ఆ తలల్లో ఉన్నది ఎక్కడా రాసి లేదు. ఏ టవర్ కింద రాగి తీగలు దొంగలెత్తుకుపోయారో, ఏ సైటు గేటు తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళకే తెలుసు.

ఊరంతటికీ సంబంధించిన పనులూ అక్కడే తెములుతాయి. 2011 నవంబరు 9న అత్యవసర హెచ్చరిక వ్యవస్థ ఈఏఎస్‌ను మొదటిసారి దేశమంతటా ఒకేసారి పరీక్షించారు. కొన్ని స్టేషన్లకు మాట మీద మాట పడి వినిపించింది, కొన్నింటికి అసలు అందలేదు. ఆ తరువాతి భోజనానికి అందరూ తమ తమ స్టేషన్ల లాగ్ కాగితాలు పట్టుకొచ్చారు. ఎవరు ఎవరి సిగ్నల్ విని ముందుకు పంపుతున్నారో కాగితం మీద గీస్తే, మా ప్రాంతంలో గొలుసు తెగిన చోటు కూర్చున్నచోటే దొరికింది. వార్తల వ్యాన్ల మైక్రోవేవ్ ఫ్రీక్వెన్సీలు ఒకరివి ఒకరికి అడ్డురాకుండా సర్దేది కూడా ఈ సంఘం స్వచ్ఛంద సభ్యులే.

నాకు హైదరాబాద్ మీద ఉన్న బాధ కూడా ఇదే. ఇక్కడికి రాకముందు అక్కడ ఒక ప్రైవేటు ఎఫ్‌ఎంలో చేశాను. 2005 నాటి రెండో దశ విధానం ప్రకారం ఒక ఊళ్ళోని ప్రైవేటు స్టేషన్లు ఒకే టవర్‌ను పంచుకోవాలి. అందరి సిగ్నళ్ళనూ కంబైనర్ కలిపి పైకి పంపుతుంది. యంత్రాలు ఒకే కప్పు కింద పక్కపక్కనే ఉండేవి, మేం మాత్రం ఒకరి పేరు ఒకరికి తెలియకుండా షిఫ్టులు చేసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఢిల్లీలో బ్రాడ్‌కాస్ట్ ఇంజనీర్ల సంఘం బీఈఎస్ వాళ్ళ ఎక్స్‌పో జరుగుతుంది, మంచిదే. నేను కోరేది ఎగ్జిబిషన్ కాదు. ఆకాశవాణి, దూరదర్శన్, ప్రైవేటు ఎఫ్‌ఎంలు, న్యూస్ ఛానెళ్ళ ఇంజనీర్లు నెలకో మధ్యాహ్నం ఒక మెస్సులో కలిసి కూర్చోవాలి. విజయవాడలోనూ, విశాఖలోనూ అంతే. ఎవరి భోజనం డబ్బులు వాళ్ళే ఇచ్చుకుంటే సరిపోతుంది. స్పాన్సర్ వస్తే ఎలాగూ ఆ రోజంతా ఆయన యంత్రం గొప్పలే వినాలి.

ఇక మీ సంగతి. మా దగ్గర సభ్యత్వం లేనివాళ్ళనూ రానిస్తారు, మీ దగ్గర కూడా ఒకసారి శాఖ ఛైర్మన్‌కు మెయిల్ పెట్టి అడగండి. సమయానికి ఇరవై నిమిషాలు ముందే చేరండి. మీ కంపెనీవాళ్ళ పక్కన కూర్చోకండి, కాంట్రాక్టు మీద చేసేవాళ్ళెవరో అడిగి వాళ్ళ పక్కన చోటు చూసుకోండి. మీ ట్రాన్స్‌మిటర్ ఏ మోడలో, లైను ఎన్ని అంగుళాలదో తెలుసుకుని వెళ్ళండి. ఆ పెద్దాయన అడగలేదు గానీ, చాలామంది మొదట అడిగేది అవే.