ఒక వాటిస్తే మూడు వాట్లా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది రణస్థలం. గాజు పాత్రలో పల్లేడియం అనే లోహపు కడ్డీ పెట్టి కరెంటు పంపితే మామూలు వేడిలోనే పరమాణు కేంద్రకాల సంలీనం (రెండు కేంద్రకాలు కలిసి ఒకటై శక్తినివ్వడం) జరిగి, ఒక వాటుకి మూడు వాట్లు వస్తాయని ఓ వీడియోలో చూశాను. 1989లోనే కనిపెట్టి తొక్కిపెట్టారట. అదే నిజమైతే మా పక్క కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ఎందుకండీ?
— డిగ్రీ విద్యార్థి

జవాబు: బాబూ, శ్రీకాకుళంలో ముప్ఫై ఏళ్లు పిల్లలచేత కెలోరీమీటరు (వేడిని కొలిచే సాధనం) ప్రయోగం చేయించినవాణ్ణి. చెక్కపెట్టెలో దూది, మధ్యలో రాగి గిన్నె, అందులో నీళ్లు, తీగచుట్ట. ఓ ఏడు ఒకమ్మాయి రికార్డు తెచ్చింది. పంపిన కరెంటు కంటే నీళ్లకెక్కిన వేడే ఎక్కువ! పిల్ల అబద్ధం రాయలేదు, నేను చేసినా అంతే వచ్చింది. వంగి చూస్తే థర్మామీటరు బల్బు తీగచుట్టకి ఆనుకుని ఉంది. అంకెలు రాసుకునే ధ్యాసలో స్టిర్రర్ కదపడం ఇద్దరమూ మానేశాం. బల్బు పైకి లాగి, కలుపుతూ చూస్తే ఆ ఎక్కువ కాస్తా పోయింది.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే రసాయన శాస్త్రవేత్తలు విలేకరులను పిలిచి చెప్పింది కూడా ఇలాంటి వేడి లెక్కే. పాత్రలో భారజలం, అంటే మామూలు హైడ్రోజన్‌కి బదులు దాని బరువైన రూపం డ్యుటీరియం ఉన్న నీరు. కరెంటు పంపితే అది డ్యుటీరియం, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి బయటకి పోతుంది. అలా పోయే శక్తి కింద వోల్టేజీలోంచి 1.54 వోల్టులు తీసేసి లెక్క కడతారు. మరి ఆ వాయువుల్లో కొంత పాత్రలోనే మళ్లీ కలిసిపోతే? ఆ వేడి లోపలే ఉంటుంది, కాగితం మీద మాత్రం బయటకి పోయినట్టు రాసి ఉంటుంది. అప్పుడు తేడా అంతా "అదనపు శక్తి"గా కనిపిస్తుంది. అమెరికాలోనే కాల్‌టెక్ అనే విశ్వవిద్యాలయంలో నాథన్ లూయిస్ బృందం అదే ప్రయోగం చేసింది. పాత్రలో నీళ్లు బాగా కలిసేలా చూసుకుంది. అదనపు వేడి కనబడలేదు.

ఇంకో సంగతి నన్ను మరీ పట్టుకుంది. డ్యుటీరియం సంలీనంతో ఒక్క వాటు రావాలంటే సెకనుకి సుమారు లక్ష కోట్ల న్యూట్రాన్లు బయటకి రావాలి. అడ్డుగోడ లేకుండా ఆ పాత్ర పక్కన నిలబడ్డవాళ్లు బతికి బట్టకట్టరు. ఫ్లైష్‌మన్, పాన్స్ ఇద్దరూ అప్పుడు నిక్షేపంగా ఉన్నారు.

తొక్కిపెట్టారన్న మాట నేను ఒప్పుకోను. మన ముంబయి ట్రాంబేలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు ఆ ఏడే చేసి చూసి సంలీనం జరిగితే పుట్టే న్యూట్రాన్లు, ట్రిటియం (హైడ్రోజన్‌కి ఇంకా బరువైన రూపం) కనిపించాయన్నారు. అప్పుడు నేనెంత సంబరపడ్డానో! కానీ ఎవరు ఎక్కడ చేసినా అదే ఫలితం వచ్చే రోజు రాలేదు. అమెరికా ఇంధన శాఖ 1989లో, మళ్లీ 2004లో నిపుణులచేత పరిశీలింపజేసింది, వాళ్లకి నమ్మకం కుదరలేదు. గూగుల్ డబ్బు పెట్టి చేయించిన ప్రయోగాల్లోనూ ఆధారం దొరకలేదని 2019లో ప్రకటించారు. తొక్కిపెట్టిన దాని మీద ఇన్నిసార్లు ఇంత ఖర్చు పెడతారా?

కొవ్వాడ మాటకొస్తే, భూములు పోయేవాళ్ల కష్టం నిజం. నష్టపరిహారం గురించి, భద్రత గురించి గట్టిగా అడగండి. ఈ గాజు పాత్రని చూపించి మాత్రం అడగొద్దు. మిగతా న్యాయమైన ప్రశ్నల్ని కూడా దాంతోపాటే పక్కన పడేస్తారు.

ఆ వీడియో ఇంకోసారి చూడు. నీళ్లు కలుపుతున్నారా? బయటకి వచ్చిన వాయువుని కొలిచారా? కొలిచి ఉంటే ఆ అంకెలు నాకు రాసి పంపు, కూర్చుని లెక్క కడతాను.