పార్లమెంటుకు నిలబడతానంటున్న మా అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వచ్చే ఎన్నికల్లో ఎంపీ అభ్యర్థిగా నీ పేరు పరిశీలించమని పార్టీకి దరఖాస్తు పెట్టావట, ఉద్యోగం వారానికి మూడు రోజులకు తగ్గించుకున్నావట. "ఏదో ఒకరోజు నెంబర్ టెన్‌కే వెళ్తానంటోంది అక్కా, దానికి నువ్వే చెప్పు" అని ఏడుస్తూ నవ్వింది. నాకు తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు. నెంబర్ టెన్ అంటే ప్రధానమంత్రి ఉండే ఇల్లాయె! గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్ల ఇక్కడ బ్రిటన్ పార్లమెంటు మెట్లెక్కుతానంటే నాకు గర్వం కాదూ? కానీ ఎంపీలు జో కాక్స్‌ని 2016లో, డేవిడ్ ఎమెస్‌ని 2021లో, జనం గోడు వినడానికి వెళ్ళిన చోటే పొట్టన పెట్టుకున్నారన్నదీ గుర్తొచ్చింది. అందుకని ముందే చెప్తున్నా: చీకటి పడ్డాక ఏ ఇంటి తలుపూ ఒంటరిగా తట్టకు. ఏ వీధిలో ఉన్నావో ఎవరో ఒకరికి తెలిసుండాలి. అది చాదస్తం అనుకుంటే అనుకో, నేను మానను.

మామూలు విషయాలు నీకు తెలిసినవే. నామినేషన్ పత్రం మీద ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది సంతకాలు, 500 పౌండ్ల డిపాజిట్, 5 శాతం ఓట్లు రాకపోతే అది గల్లంతు. ఖర్చు రసీదులన్నీ దాచు. బూట్లు మంచివి కొనుక్కో. టీ ఇస్తామన్న ప్రతి ఇంట్లోనూ కూర్చోకు, రోజుకు నాలుగు వీధులు కూడా తిరగలేవు.

ఇక నెంబర్ టెన్ సంగతి. నేను కార్డిఫ్ వచ్చి ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరినప్పుడు మేం అద్దెకున్న ఇల్లు జేమ్స్ క్యాలహన్ నియోజకవర్గంలోనే ఉండేది. అప్పుడాయన ప్రధానమంత్రి. కామన్వెల్త్ దేశం వాళ్ళం కాబట్టి ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఓటు వేశాను, ఆయనకే వేశాను. నాకు రాజకీయం అంటూ తెలిసింది ఆ మనిషిని చూసే. ఆయన కథ నీకు ఎవరూ సరిగ్గా చెప్పి ఉండరు, ఇప్పటి వాళ్ళకు ఓడిపోయినవాడిగానే గుర్తు.

తొమ్మిదేళ్ళకే తండ్రి పోయాడు. 1924లో వచ్చిన లేబర్ ప్రభుత్వం పుణ్యమా అని తల్లికి పింఛను దొరికింది, అందుకే ఆ పార్టీని జన్మంతా వదల్లేదు. యూనివర్సిటీకి వెళ్ళే స్తోమత లేక పన్నుల ఆఫీసులో గుమస్తాగా చేరాడు. యూనియన్‌లో ఎదిగాడు, యుద్ధంలో నేవీలో పనిచేశాడు, 1945లో కార్డిఫ్ నుంచి ఎంపీ అయ్యాడు. 1963లో పార్టీ నాయకత్వానికి పోటీ చేస్తే మూడో స్థానం. ఆర్థికమంత్రిగా పౌండు విలువ తగ్గించనని మూడేళ్ళు పట్టుబట్టి, 1967 నవంబరులో 2.80 డాలర్ల నుంచి 2.40కి తగ్గించక తప్పలేదు, దాంతో ఆ శాఖ వదిలేశాడు. ఇంకెవరైనా అక్కడితో ఆగిపోయేవారు. ఆయన హోంమంత్రి అయ్యాడు, తర్వాత విదేశాంగమంత్రి అయ్యాడు, 1976 ఏప్రిల్లో, 64 ఏళ్ళు నిండాక, ప్రధాని అయ్యాడు. ఈ నాలుగు పదవులూ చేసినవాడు ఈ దేశ చరిత్రలో ఇప్పటికీ ఆయనొక్కడే. నీకు ముప్పై నాలుగు. తొందర దేనికే?

ఆయన చేసిన పనుల్లో నేను ఈనాటికీ క్షమించనిది ఒకటుంది. 1968లో కెన్యా నుంచి వస్తున్న మన ఆసియా వాళ్ళు, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు, వాళ్ళను ఆపడానికి మూడు రోజుల్లో చట్టం చేయించేశాడు. బయట కేకలకు భయపడి చేసిన పని అది. నీ మీదా అలాంటి ఒత్తిడి వస్తుంది, అందులోనూ నీ రంగు చూసి నిన్నే ముందు నిలబెట్టి మాట్లాడమంటారు. రాత్రికి రాత్రి సంతకం పెట్టమన్న కాగితం ఏదైనా సరే, తెల్లారాక ఇంకోసారి చదువు.

నేను అసలు చెప్పాలనుకున్నది 1978 సెప్టెంబరు గురించి.

అప్పుడు ఎన్నికల తేదీ ప్రధాని చేతిలో ఉండేది. ఎప్పుడు కావాలంటే అప్పుడు రాణిగారిని అడిగి పార్లమెంటు రద్దు చేయించుకోవచ్చు. (2011లో ఆ అధికారం తీసేశారు, 2022లో మళ్ళీ ఇచ్చారు, ఇప్పుడు అడగాల్సింది రాజుగారిని.) క్యాలహన్‌కి సభలో మెజారిటీ లేదు, మద్దతిచ్చిన లిబరల్ పార్టీతో ఒప్పందం ఆ వేసవితో అయిపోయింది, ధరల పెరుగుదల 25 శాతం నుంచి 8కి దిగింది. అక్టోబరులో ఎన్నికలని దేశమంతా అనుకుంది. మంత్రుల్లో ఎక్కువమందిదీ అదే మాట. ఆయన మాత్రం పల్లెలో తన పొలం దగ్గర కూర్చుని, సర్వే అంకెలు చూసుకుని, మళ్ళీ ఎవరికీ మెజారిటీ రాదేమోనని లోపలే మథనపడి, వసంతం దాకా ఆగుదామని నిర్ణయించుకున్నాడు. సరే, అది ఆయన ఇష్టం. కానీ ఎవరికీ చెప్పలేదు! సెప్టెంబరు 5న బ్రైటన్‌లో కార్మిక సంఘాల మహాసభకు వెళ్ళి, పెళ్ళికూతుర్ని చర్చిలో నిలబెట్టి పెళ్ళికొడుకు రాకుండాపోయిన పాత పాట ఒకటి పాడాడు. ఎదురుచూస్తూ ఉండిపోయేది ప్రతిపక్షమే అని ఆయన ఉద్దేశం కావచ్చు. విన్నవాళ్ళకు మాత్రం ఎన్నికలు ఖాయమని అర్థమైంది, సంఘాల నాయకులు చేతుల్లో డబ్బులు, మనుషులు సిద్ధం చేసుకుని కూర్చున్నారు. రెండు రోజుల తర్వాత పొద్దున క్యాబినెట్‌లో, రాణిగారికి ఉత్తరం రాసేశాను, ఎన్నికలు లేవు అన్నాడు. సాయంత్రం టీవీలో దేశానికి చెప్పాడు. ఆ ఎదురుచూసిన వాళ్ళంతా చిన్నబుచ్చుకున్నారు. మనిషి ఎంతైనా ఓర్చుకుంటాడు గానీ నమ్మించి వదిలేస్తే ఓర్చుకోడు.

పైగా జీతాల పెంపు 5 శాతం దాటకూడదన్నాడు. ధరలు 8 శాతం పెరుగుతుంటే ఐదేమిటి? మూడేళ్ళుగా బిగబట్టుకున్నవాళ్ళు ఇక ఆగలేదు. ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ వాళ్ళు సమ్మె చేసి 17 శాతం తెచ్చుకున్నారు. తర్వాత లారీల వాళ్ళు, తర్వాత స్మశానాల్లో గుంతలు తవ్వేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళు, మా ఆసుపత్రిలో పోర్టర్లు, లాండ్రీ వాళ్ళు. జనవరి 22న ఒక్కరోజే దేశంలో 15 లక్షల మంది బయటికొచ్చారు. మా గేటు ముందు మంచులో చెక్కపెట్టెలు విరిచి నెగడు వేసుకున్నారు. లోపల దుప్పట్లు లేక కాగితపు షీట్లు పరిచాం, ట్రాలీలు మేమే తోసుకున్నాం. ఆ నెగడు దగ్గర నిలబడ్డ పెద్ద పోర్టరు ఒకాయన, ఎప్పుడూ నాకు తలుపు తెరిచి పట్టుకునేవాడు, ఆ రోజు నేను వెళ్తుంటే దగ్గరికొచ్చి, "డాక్టర్, వారానికి 60 పౌండ్లు అడుగుతున్నాం, ఎక్కువా?" అన్నాడు. వేళ్ళు చలికి పగిలి నెత్తురు కనిపిస్తోంది. "క్యాలహన్ అక్టోబరులో ఓటు అడిగుంటే ఆయనకే వేసేవాణ్ణి" అని మళ్ళీ వెళ్ళి నిలబడ్డాడు. ఆ చేతులు చూశాక నాకు ఆ సమ్మె మీద కోపం రాలేదు.

అదే నెలలో ఆయన కరీబియన్‌లో శిఖరాగ్ర సమావేశం ముగించుకుని విమానం దిగగానే, విలేకరులు అడిగినదానికి, ఇక్కడ అరాచకం పెరుగుతోందని బయటి ప్రపంచం అనుకోదు అన్నట్టు మాట్లాడాడు. "సంక్షోభమా? ఏం సంక్షోభం?" అని మర్నాడు పేపర్ హెడ్డింగ్. ఆ మాట ఆయన నోట రానేలేదు, అయినా చచ్చేదాకా ఆయనకే అంటుకుంది. విమానం దిగి అలసటతో మైకు ముందుకు వెళ్ళకు తల్లీ. ఇంటికి వెళ్ళి స్నానం చేసి, ఇంత తిని, అప్పుడు మాట్లాడు.

చాలామంది అక్టోబరులో ఎన్నికలు పెట్టి ఉంటే గెలిచేవాడంటారు. నేను అంత గట్టిగా అనలేను. మన దగ్గర ముందస్తుకు వెళ్ళి 2004లో చంద్రబాబు ఓడాడు, 2018లో కేసీఆర్ గెలిచాడు. ఇక్కడ 2017లో థెరిసా మే తొందరపడి ఉన్న మెజారిటీ పోగొట్టుకుంది. తేదీ ఎంచుకున్నా ఫలితం ఎవరి చేతిలోనూ ఉండదు. నీతో పనిచేసే వాళ్ళకు నీ మనసులో మాట ముందే చెప్పడం మాత్రం నీ చేతిలో ఉంటుంది. నీకు చిన్నప్పటి నుంచీ ఆ గుణం ఉంది, అన్నీ లోపలే దాచుకుని, అందరూ బట్టలు సర్దుకున్నాక "నేను రావట్లేదు" అంటావు. మీ అమ్మ ఎన్నిసార్లు బాధపడిందో నీకు తెలుసా? ఇంట్లో అయితే సర్దుకుపోతాం. నీ కోసం వానలో లీఫ్లెట్లు పంచినవాళ్ళు సర్దుకుపోరు.

ఇంత తిట్టానని ఆయన మీద గౌరవం లేదనుకోకు. 1979 మార్చి 28 రాత్రి అవిశ్వాస తీర్మానం. రేడియోలో విన్నాను. 311కి 310, ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆయన పార్టీ ఎంపీ ఆల్ఫ్రెడ్ బ్రాటన్, ఆయనా డాక్టరే, చావుబతుకుల్లో ఉండి కూడా అంబులెన్సులో వస్తానన్నాడు. దారిలోనే పోవచ్చని తెలిసి క్యాలహన్ వద్దన్నాడు. ఆ ఒక్క ఓటు వచ్చుంటే సరిసమానమై తీర్మానం వీగిపోయేది. బ్రాటన్ అయిదు రోజులకు పోయాడు. మే 3న ఎన్నికలు, కన్సర్వేటివ్‌లకు 339 సీట్లు, లేబర్‌కి 269, మర్నాడు క్యాలహన్ రాణిగారికి రాజీనామా ఇచ్చి వచ్చేశాడు, కన్సర్వేటివ్‌ల నాయకురాలు థాచర్ ప్రధానిగా నెంబర్ టెన్‌కి వెళ్ళింది. నీకూ ఎప్పుడో అలాంటి ఒక ఓటు కావాల్సివస్తే ఆయన చేసినట్టే చెయ్యి. అందుకు నువ్వు ఓడిపోయినా నేను పదిమందికీ గర్వంగా చెప్పుకుంటాను.

అభ్యర్థి ఎంపిక సమావేశం ఎప్పుడో తేదీ తెలియగానే ఫోన్ చెయ్యి, ముందు మీ అమ్మకి, తర్వాత నాకు. డిపాజిట్ డబ్బు నేను కడతాను, మాట్లాడకు. మోకాళ్ళ నొప్పితో ఇళ్ళు తిరగలేను గానీ కవర్లలో కాగితాలు పెట్టి, చిరునామాలు అతికించగలను, ఆ పెట్టెలు ఇక్కడికే పంపించు. శనివారం వస్తే గోంగూర పచ్చడి సీసా తీసుకెళ్దువుగాని.

దీవెనలతో,
పెద్దమ్మ