మందు కుక్కకి వేశాం, పురుగులు నేలలో ఉన్నాయి

"మా కుక్కకి గెంతే పురుగులు పట్టాయి. షాంపూతో రుద్ది స్నానం చేయించాం, మందూ వేశాం. పది రోజులు బాగానే ఉంది, మళ్ళీ ఒళ్ళంతా గోక్కుంటోంది. మందు నకిలీదా?" అని అడిగారు. అయ్యుండకపోవచ్చు. మూడేళ్ళ కిందట మేమూ అదే అనుమానంతో రెండు సీసాలు మార్చాం.

ముందు అవేంటో తేల్చుకోండి. మాది రాజమండ్రి. మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ కుక్కకి పట్టేవాటన్నిటినీ గోమార్లే అనేవాళ్ళం. మీ వైపు పిడుదులంటారేమో. గోమారికి ఎనిమిది కాళ్ళు. చెవిలోనో వేళ్ళ సందులోనో కరుచుకుని కదలకుండా కూర్చుంటుంది, రక్తం తాగి శనగగింజలా ఉబ్బుతుంది. ఎగరదు. మీరు రాసినదాన్ని బట్టి మీ కుక్కకి పట్టినవి అవి కావు. బొచ్చు విడదీయగానే పక్కకి జారుకునేది, పట్టుకోబోతే చటుక్కున గెంతేది వేరే పురుగు. మందుల షాపుల్లో ఫ్లీ అంటారు. ముదురు గోధుమరంగు, నువ్వుగింజ కంటే చిన్నది, రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు పల్చగా ఉంటుంది. పురుగు దొరక్కపోయినా ఆనవాలు దొరుకుతుంది. తోక మొదట్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు కనిపిస్తే, తడి దూది మీదకి రాల్చండి. చుట్టూ ఎర్రగా తడి పాకితే అది మట్టి కాదు, పురుగు తాగి విసర్జించిన రక్తం.

ఈ తేడా తెలియకే మేం మోసపోయాం. మోసం చేసిందీ మేమేలెండి. షాపుకెళ్ళి "గోమార్ల మందివ్వండి" అన్నాను. అడిగిందే ఇచ్చారు, అమిట్రాజ్. నీళ్ళలో కలిపి ఒళ్ళంతా పట్టించాలి. గోమార్లకి, గజ్జి పురుగులకి అది బాగా పనిచేస్తుంది, ఫ్లీలకి దాదాపు ఏమీ కాదు. మా చింటూగాడికి (మామూలు ఊరకుక్కే, పంతొమ్మిది కిలోలు) రెండుసార్లు ఆ కంపు స్నానం చేయించాం. వాడు అలిగి మంచం కింద దూరాడు, పురుగులూ వాడితోపాటే దూరాయి.

అసలు సంగతి మాత్రం ఆ శ్రావణమాసంలో బోధపడింది. అక్క పురుడుకి ఇల్లు తాళం వేసి నెలన్నర ఊళ్ళో లేం. చింటూని మావయ్య వాళ్ళింట్లో వదిలాం. తిరిగొచ్చి తలుపు తీసి, సామాను ఇంకా లోపల పెడుతున్నాం, అమ్మ కాళ్ళు దులుపుకోవడం మొదలెట్టింది. చూస్తే చీలమండల చుట్టూ ఎర్రటి దద్దుర్లు, చీర కుచ్చిళ్ళ మీద నల్లగా గెంతుతున్నాయి. నెలన్నరగా కుక్క లేదు, మనిషి లేడు, ఇవెక్కడివి?

పశువుల డాక్టరుగారు నవ్వి, "మీకోసమే కూర్చున్నాయండీ" అన్నారు. ఆ మాట వేళాకోళం కాదు. ఆడ పురుగు కుక్క మీదే ఉండి రక్తం తాగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే గుడ్లు మొదలెడుతుంది, జోరు మీదుంటే రోజుకి నలభై యాభై దాకా పెడుతుంది. పేను ఈపిలా ఆ గుడ్లు వెంట్రుకకి అంటుకోవు. ఉప్పు రవ్వల్లా నున్నగా ఉండి, కుక్క ఎక్కడ పడుకుంటే అక్కడ, ఎక్కడ దులుపుకుంటే అక్కడ రాలిపోతాయి. అందులోంచి వచ్చే సన్నటి పురుగులకి వెలుతురు పడదు. పరుపు అడుగుకి, బండల సందుల్లోకి దూరి, పైనుంచి రాలే ఆ ఎండిన రక్తపు నలుసులే తిని పెరుగుతాయి. తర్వాత గూడు కట్టుకుంటాయి. ఆ గూడు జిగటగా ఉండి దుమ్ము అంటించుకుంటుంది, మన కంటికి ఆనదు, స్ప్రే కొట్టినా లోపలికి సరిగా దిగదు. లోపల పురుగు తయారయ్యాక కూడా నెలల తరబడి అలాగే ఆగగలదు. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, ఊపిరి తగిలాయంటే బయటికి దూకుతుంది. మేం తలుపు తీసి నడిచాం, అంతే.

మీ పది రోజుల లెక్క కూడా ఇదే. మందు కుక్క మీదున్న వాటిని చంపింది. తర్వాత గూళ్ళలోంచి కొత్తవి లేచి ఎక్కాయి. మన వానాకాలపు వెచ్చటి తేమలో గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మూడు నాలుగు వారాలు చాలు. అందుకే సరైన మందు వేసినా కొన్ని వారాలపాటు ఒకటీ అరా కనిపిస్తూనే ఉంటాయి. ఆ దశలోనే మనం "పనిచెయ్యలేదు" అని మానేస్తాం.

మేం చేసింది చెబుతాను. చింటూకి డాక్టరుగారు అఫోక్సోలానర్ మాత్ర రాశారు, నెలకొకటి. ఫ్లూరలానర్ అయితే సుమారు మూడు నెలలు పనిచేస్తుంది. రెండూ బరువు చూసి ఇచ్చేవే. మూర్ఛ వచ్చే కుక్క అయితే ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. మెడ మీద పోసే ఫిప్రోనిల్ చవక, కానీ పోయడానికి రెండు రోజుల ముందూ తర్వాతా స్నానం చేయించకూడదు. మీరు స్నానం చేయించి ఒళ్ళు ఆరగానే పోశారేమో గుర్తు తెచ్చుకోండి. ఏది వాడినా పురుగు కనబడ్డం మానేశాక కూడా మూడు నెలలు ఆపకండి.

అసలు చాకిరీ ఇంట్లోనే. మాది పాత నాపరాళ్ళ నేల, సందుల్లో సిమెంటు ఊడిపోయింది. కడిగితే చాలనుకునేవాళ్ళం. కడిగినప్పుడు ఆ సందులకి తేమ చేరుతుంది, వాటికి కావలసిందీ అదే. పక్కింటి వాక్యూమ్ క్లీనర్ అరువు తెచ్చి నెలరోజులు రోజు విడిచి రోజు సందులన్నీ, సోఫా అడుగు, మంచం కింద లాగాం. చెత్తని వెంటనే కవర్లో మూటగట్టి బయట పారేయాలి, లేకపోతే మళ్ళీ పాకుతాయి. తర్వాత సందులు సిమెంటుతో పూడ్పించాం. వాడు పడుకునే గోనెపట్టా తగలబెట్టి, ఉతకగలిగే పాత దుప్పటి ఇచ్చాం. అది వారానికోసారి వేడినీళ్ళలో ఉతికి డాబా మీద ఎండలో వెయ్యడం అమ్మ పని. మెట్ల కింద మిగిలిపోయిన ఇసుకకుప్ప ఉండేది, వీధికుక్కలు మధ్యాహ్నం అక్కడే నిద్ర. అది ఎత్తించాకే నిజంగా తెరిపి వచ్చింది.

తగ్గుతున్నాయో లేదో తెలియడానికి మోకాళ్ళ దాకా తెల్ల సాక్సులు తొడుక్కుని గదిలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి, ఎక్కినవాటిని లెక్కపెట్టేవాణ్ణి. వీధిలో వాళ్ళు ఏమనుకున్నారో తెలీదు. మొదటిరోజు పదిహేడు, నాలుగో వారానికి రెండు.

నులిపురుగుల మందు కూడా అడగండి. కుక్క ఒళ్ళు కొరుక్కుంటూ ఫ్లీని మింగితే, ఆ ఫ్లీ కడుపులోని బద్దెపురుగు పిల్ల కాస్తా కుక్క పేగుల్లోకి చేరుతుంది. మలద్వారం దగ్గర దోసగింజల్లాంటివి కనిపిస్తే అదే, ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కావాలి. నేలమీద ఆడే పసిపిల్లలు పొరపాటున పురుగు మింగినా ఇది రావచ్చు.

కిరోసిన్, ఫినాయిలు, పొలం మందులు ఒంటికి రాయమని ఎవరైనా చెబితే వినకండి. కుక్క నాకుతుంది, ప్రాణం మీదకొస్తుంది. వేపాకు నీళ్ళతో కడిగితే కాస్త ఉపశమనమేమో, మా ఇంట్లో మాత్రం పురుగు ఒక్కటీ చావలేదు.

మీ ఇంట్లో పిల్లి ఉందో లేదో రాయలేదు. కుక్కల మీద ఎక్కువగా కనిపించేది కూడా పిల్లి ఫ్లీ అనే జాతే, కాబట్టి ఉంటే దానికీ మందు వెయ్యాలి. కానీ కుక్క మందు దానికి పొయ్యకండి, పెర్మెత్రిన్ ఉన్నది పిల్లికి విషం. పిల్లి సంగతి, కుక్క బరువు, వేసిన మందు సీసా మీద ఉన్న రసాయనం పేరు కింద రాయండి, అది దేనికి పనిచేసేదో చూసి చెబుతాను.