మాంటీ పైథాన్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ఎపిసోడ్లు చూడాలి?

బ్రిటిష్ టీవీ హాస్య కార్యక్రమం ‘మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్’ 45 ఎపిసోడ్లూ చూసే తీరిక లేదని, యూట్యూబ్‌లో చూసిన రెండు మూడు ముక్కలు అంతగా నవ్వించలేదని, అయిదారు ఎపిసోడ్లే చూడాలంటే ఏవి చూడాలని మీరు అడిగారు. నేనూ చాలాకాలం అక్కడే ఆగిపోయాను. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకు ఆ పేరు ఈ కార్యక్రమం నుంచే వచ్చిందని తెలిసి, కుతూహలం కొద్దీ అందరూ చెప్పుకునే చచ్చిన చిలుక స్కెచ్ (చిన్న హాస్య దృశ్యం) ఒక్కటీ వెతుక్కుని చూశాను. చిన్నగా నవ్వొచ్చింది, అంతే. ఇంతోటి దానికేనా ఇంత పేరు అనుకుని వదిలేశాను. కొన్నేళ్ళ తరువాత అదే స్కెచ్‌ను దాని పూర్తి ఎపిసోడ్‌లో చూసినప్పుడు మాత్రం ఆపుకోలేక నవ్వాను. అందుచేత నా మొదటి సలహా ఏమిటంటే, ఎంచుకోవలసింది స్కెచ్‌లను కాదు, ఎపిసోడ్లను.

దీనికి కారణం ఆ కార్యక్రమం అల్లికలోనే ఉంది. 1969 అక్టోబరు 5 నుంచి 1974 డిసెంబరు 5 వరకు బీబీసీలో ప్రసారమైన ఈ కార్యక్రమాన్ని రాసి నటించిన ఆరుగురూ (గ్రాహం చాప్‌మన్, జాన్ క్లీస్, టెర్రీ గిలియం, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్) ప్రతి ప్రహసనానికీ చివర కొసమెరుపు ఉండి తీరాలన్న నియమాన్ని పక్కన పెట్టేశారు. ఒక దృశ్యం పండినంతసేపు సాగుతుంది, విసుగు పుట్టే వేళకు ఎవరో వచ్చి ఆపేస్తారు, లేదా గిలియం పాత బొమ్మలను కత్తిరించి చేసిన యానిమేషన్ దాన్ని మింగేసి మరో చోట కక్కుతుంది. పది నిమిషాల కింద వెళ్ళిపోయిన పాత్ర సంబంధం లేని మరో దృశ్యంలోకి నడిచి వస్తుంది. ముక్కలుగా చూసేవారికి దొరకనిది సరిగ్గా ఈ రాకపోకలే.

కాబట్టి మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. ఇది 1969 డిసెంబరు 7న ప్రసారమైంది. సైన్యంలో ప్రాణాపాయం ఉందని ఇప్పుడే తెలిసింది కనుక ఉద్యోగం మానేస్తానని ఒక సిపాయి తన కల్నల్‌ను అడగడంతో ఇది మొదలవుతుంది. ఆ వెంటనే ఇద్దరు రౌడీలు వచ్చి, ఇంత పెద్ద సైన్యం, ఇన్ని ట్యాంకులు, వీటికేమైనా జరిగితే బాగుండదు కదా అంటూ కల్నల్ దగ్గరే మామూళ్ళు వసూలు చేయబోతారు. ఆయనకు చిర్రెత్తుకొచ్చి ఆ దృశ్యాన్నే ఆపించేస్తాడు. అక్కడి నుంచి ఆ ఎపిసోడ్‌లో ఎవరి వెర్రి హద్దు దాటినా ఆపడం ఆయన పనే అవుతుంది. మంచం కొనడానికి వచ్చిన కొత్త దంపతుల దృశ్యం కూడా ఇందులోనే ఉంది. ఒక అమ్మకందారు ప్రతి అంకెనూ పది రెట్లు చేసి చెబుతాడు, రెండోవాడు మూడో వంతు చేసి చెబుతాడు, పైగా ఆ రెండోవాడి ముందు ‘పరుపు’ అన్న మాట పలికితే చాలు, తలకు సంచీ తగిలించుకుని నిలబడిపోతాడు. ఇదంతా అయ్యాక చిలుక వస్తుంది. చచ్చిన పక్షిని అంటగట్టారని క్లీస్ ఆవేశంతో ఊగిపోతుంటే, అది నిద్రపోతోందని దుకాణదారు పేలిన్ బుకాయిస్తూ పోతాడు. ఆ వాదన ముదిరి ముదిరి ఎటూ తేలని స్థితిలో మళ్ళీ కల్నల్ దిగుతాడు. విడిగా చూస్తే అది స్కెచ్‌ను ఎలా ముగించాలో తెలియక అతికించిన ముగింపులా కనిపిస్తుంది. ఎపిసోడ్‌లో చూస్తే అప్పటికి ఇరవై నిమిషాలుగా మనకు తెలిసిన మనిషి తన డ్యూటీకి వచ్చినట్టుంటుంది.

తరువాత రెండో సీజన్ రెండో ఎపిసోడ్ చూడండి. ఇది 1970 సెప్టెంబరు 22న వచ్చింది, నా దృష్టిలో మొత్తం 45లో ఇదే మేలైనది. ఎవరైనా విసుగ్గా ‘ఇలా స్పానిష్ ఇంక్విజిషన్ (ఒకప్పుడు స్పెయిన్‌లో మతం తప్పారని జనాన్ని హింసించిన విచారణ) ఎదురవుతుందనుకోలేదే’ అన్న ధోరణిలో మాట్లాడితే చాలు, ఎర్రటి అంగీలతో ముగ్గురు మతాధికారులు తలుపు తోసుకుని లోపలికి దూకుతారు. తమ ప్రధానాయుధం ఒక్కటేనని నాయకుడు గర్జిస్తాడు, వెంటనే మరొకటి గుర్తొస్తుంది, రెండు అంటాడు, ఇంకొకటి గుర్తొస్తుంది, చివరికి లెక్క తప్పి, మళ్ళీ బయటికి వెళ్ళి వస్తామంటాడు. వాళ్ళు పెట్టే చిత్రహింసలు మెత్తటి దిండ్లు, సుఖాసనం. ఎపిసోడ్ చివర ఒక కోర్టులో ఎవరి నోటి నుంచో ఆ మాట వెలువడగానే అందరూ తలుపు వైపు చూస్తారు, ఎవరూ రారు. ఎందుకంటే ఆ ముగ్గురూ అప్పుడే ఇంటి నుంచి బయలుదేరి బస్సెక్కారు. తెర మీద పేర్లు పడుతుంటాయి, పేర్లు అయిపోతున్నాయని బస్సులోని వారికే కంగారు. తీరా కోర్టులో అడుగుపెట్టేసరికి ‘సమాప్తం’ పడిపోతుంది. మీ యాప్‌లో పేర్లు మొదలవగానే తదుపరి ఎపిసోడ్‌కు దూకే సదుపాయం ఉంటే దాన్ని ముందే ఆపివేయండి. నేను మొదటిసారి చూసినప్పుడు నా యాప్ సరిగ్గా బస్సు దగ్గరే ముందుకు దూకేసింది.

మొట్టమొదటి ఎపిసోడ్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ఒకప్పుడు నా గదిలో ఉండే మిత్రుడికి పద్ధతి ప్రకారం చూపిద్దామని అదే పెట్టాను. అందులో చాలా భాగం ఆనాటి బీబీసీ కళాకార్యక్రమాల మీద వెక్కిరింత, అసలు కార్యక్రమాలు ఎరగని మనకు వెక్కిరింత ఎలా అందుతుంది? పావుగంటకల్లా అతను ఫోన్ తీశాడు. అందులోని ఆణిముత్యం చివరి భాగంలో ఉంది: విన్నవారు నవ్వి నవ్వి చచ్చిపోయేటంత ప్రమాదకరమైన జోకును యుద్ధంలో ఆయుధంగా వాడడానికి జర్మన్‌లోకి అనువదిస్తారు, ప్రాణాపాయం లేకుండా ఒక్కో అనువాదకుడికి ఒక్కో మాటే ఇస్తారు, పొరపాటున రెండు మాటలు చూసినవాడు వారాల తరబడి ఆసుపత్రి పాలవుతాడు. దీన్ని నాలుగో అయిదో ఎపిసోడ్‌గా చూస్తే హాయిగా ఉంటుంది.

మిగిలినవాటిలో రెండో సీజన్ పన్నెండో ఎపిసోడ్ తప్పక చూడండి. ఏ వంటకం అడిగినా స్పామ్ అనే డబ్బా మాంసం కలిసే హోటల్ ఇందులోదే. మెయిల్ పెట్టెలో వచ్చిపడే చెత్తకు ఆ పేరు ఈ దృశ్యం వల్లే అబ్బింది. డబ్బు కట్టి వాదన కొనుక్కునే దృశ్యం కోసం మూడో సీజన్ మూడోది, ఏ జున్నూ లేని జున్ను దుకాణం కోసం ఏడోది చూడవచ్చు. ఎనిమిదోది అరగంటా ఒకే కథ, సైకిల్ మీద ఊళ్ళు తిరిగే ఒక అమాయకుడి యాత్ర. ఇది నాకు చాలా ఇష్టం, కానీ వీళ్ళ వరస అలవాటయ్యాకే చూడాలి. నాలుగో సీజన్‌లో ఆరు ఎపిసోడ్లే ఉన్నాయి, నటుల్లో క్లీస్ లేని లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందులో డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో చీమను కొనుక్కునే రెండో ఎపిసోడ్ చూస్తే సరిపోతుంది.

మొదటి రెండు సీజన్ల స్కెచ్‌లను తిరిగి చిత్రీకరించి 1971లో విడుదల చేసిన సినిమా ఒకటుంది. రెండు గంటల లోపే అయిపోతుందని దానికి ఆశపడకండి, దృశ్యాలు అవే అయినా ఎపిసోడ్లలోని అల్లిక అందులో లేదు. ఇంగ్లీషు బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఆడవేషాల్లో వీళ్ళు కీచుగొంతుతో మాట్లాడే మాటలు నాకు ఇప్పటికీ సగం అందవు. ఒక పూటకు రెండు ఎపిసోడ్లు మించితే మొహం మొత్తుతుంది.