మెకార్తీ రాకముందు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. వాషింగ్టన్‌లో ప్రభుత్వోద్యోగం చేసే ఆ టైపిస్టు పుస్తకాల బీరువా ముందు చాలాసేపు నిలబడి, చివరికి రెండు పుస్తకాలను గుడ్డలో చుట్టి పిండి డబ్బా అడుగున దాచే ఘట్టం నన్ను కదిలించింది. ఆ తర్వాతి ఏడు పేజీలు మాత్రం కోపం తెప్పించాయి. అక్కడి నుంచి కథంతా కమ్యూనిస్టుల వేటకు పేరుపడ్డ అమెరికా సెనేటర్ మెకార్తీ చేతుల్లోకి వెళ్ళిపోయింది. అతడు అరుస్తాడు, బల్ల గుద్దుతాడు. 1954లో సెనేట్ అతడిని తప్పుపడుతూ తీర్మానం చేయగానే నీ పాత్రలన్నీ ఊపిరి పీల్చుకుంటాయి.

నీ కథ మొదలయ్యేది 1948లో. విదేశాంగ శాఖలోని కమ్యూనిస్టుల జాబితా తన దగ్గర ఉందని మెకార్తీ వీలింగ్ పట్టణంలో ప్రకటించింది 1950 ఫిబ్రవరి 9న. అంతకు మూడేళ్ళ ముందే, 1947 మార్చిలో, ఫెడరల్ ఉద్యోగుల విధేయతను విచారించాలన్న ఉత్తర్వు మీద అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశాడు. ఆ అక్టోబరులో, కమ్యూనిస్టుల మీద విచారణ జరిపే ప్రతినిధుల సభ కమిటీ హాలీవుడ్ వాళ్ళను పిలిపించింది. దాని ప్రశ్నలకు జవాబు చెప్పని పదిమంది తర్వాత జైలుకు వెళ్ళారు. నీ విలన్ వేదిక ఎక్కేనాటికి భయం ఆఫీసు ఫైళ్ళలో ఎప్పుడో కుదురుకుంది.

డొరోతీ బెయిలీ కేసు చదువు. ఆమె ఫెడరల్ ఉద్యోగిని. ఆమె కమ్యూనిస్టని చెప్పినవాళ్ళెవరో ఆమెకు తెలియనివ్వలేదు, విచారించిన బోర్డుకే వాళ్ళ పేర్లు తెలియవు. తెల్లవాళ్ళ రక్తం, నల్లవాళ్ళ రక్తం వేరువేరుగా ఉంచడం గురించి రెడ్‌క్రాస్‌కు ఎప్పుడైనా ఉత్తరం రాశారా అని ఆమెను అడిగారు. 1951లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు అటు, నలుగురు ఇటు చీలడంతో కింది కోర్టు తీర్పే నిలిచింది, ఆమె ఉద్యోగం పోయింది. ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఆలోచించు. అన్యాయం చూసి ఒక ఉత్తరం రాయడమే అనుమానానికి ఆధారమయ్యాక, ఆ వీధిలో రెండో ఉత్తరం ఎవరు రాస్తారు?

నలభై ఏళ్ళుగా నేను చెబుతున్నది ఒక్కటే: భయాన్ని రాయాలంటే మనుషులు మానేసిన పనులను రాయాలి. పెట్టని సంతకం, ఆపేసిన పత్రిక చందా, ఎదురుపడినా పలకరించని స్నేహితుడు. ఎమర్జెన్సీ మీద నేను రాసిన తొలి కథలో ఒక గుమాస్తా పక్కింటివాళ్ళతో మాట్లాడటం మానేస్తాడు, అంతే. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని తిప్పి పంపుతూ, మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో ‘ఇందులో దుర్మార్గుడెవరు?’ అని రాశాడు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్‌ను చేర్చాను. వెంటనే వేశారు. ఆ కథను ఇప్పటిదాకా ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఇవాళ్టి పోటీల న్యాయనిర్ణేతలూ అదే ప్రశ్న అడుగుతున్నారు. నీ ఏడు పేజీలు వాళ్ళకోసం రాసినవేనని నా అనుమానం.

హాలీవుడ్ వాళ్ళను పిలిపించిన ఆ కమిటీ అధ్యక్షుడు థామస్ జీతాల మోసం కేసులో శిక్షపడి డాన్‌బరీ జైలుకు చేరాడనీ, అతడు ప్రశ్నించిన రచయిత లార్డ్‌నర్ కూడా అక్కడే ఖైదీగా ఉన్నాడనీ రాశావు. అది నిజమే. అయినా కథలోంచి తీసెయ్. పగ తీరిందన్న తృప్తితో పాఠకుడు పుస్తకం మూసేస్తాడు, అవతల ఉద్యోగం పోయినవాళ్ళు అలాగే మిగిలిపోతారు.

నీ ముగింపు కూడా నిలవదు. సెనేట్ 67-22 ఓట్లతో మెకార్తీని తప్పుపట్టాక కూడా గాయకుడు పాల్ రోబ్సన్‌కు 1958 దాకా పాస్‌పోర్టు తిరిగి రాలేదు. జైలుకు వెళ్ళిన ఆ పదిమందిలో ఒకడు, మారుపేర్లతో రాస్తూ బతికిన సినీ రచయిత ట్రంబో పేరు మళ్ళీ తెరమీద కనిపించింది 1960లోనే. ఏ పత్రికకు పంపాలని అడిగావు. ఆ మాట ఇప్పుడు వద్దు. నీ టైపిస్టు ఆ రెండు పుస్తకాలను పిండి డబ్బాలోంచి ఏ సంవత్సరంలో బయటికి తీసిందో, అప్పుడు వంటింట్లో ఇంకెవరున్నారో ఆలోచించి నాకు రాయి.